మెదడు గడ్డలో నెక్రోసిస్ (చచ్చిన కణజాలం) లేదు, మైటోసిస్ (కణ విభజన) లేదు.. అయినా గ్రేడ్ 4 అని రివ్యూ రిపోర్టు. ఎలా?

కృష్ణాతీరం_పాథ్
58 ఏళ్ల మగ పేషెంట్, కుడి టెంపోరల్ లోబ్‌లో గడ్డ, స్టీరియోటాక్టిక్ బయాప్సీ. హెచ్ అండ్ ఈ (మామూలు రంగు వేసిన స్లైడు)లో చెదురుమదురుగా పాకిన ఆస్ట్రోసైట్లు (మెదడులోని ఆసరా కణాలు), కణాల రద్దీ ఓ మాదిరి. మైటోసిస్ వెతికినా దొరకలేదు. నెక్రోసిస్ లేదు, రక్తనాళాల ప్రొలిఫరేషన్ లేదు. కేఐ-67 (విభజన వేగం చెప్పే గుర్తు) 4 శాతం. ఐడీహెచ్1 జన్యువులో ఆర్132హెచ్ అనే మ్యుటేషన్‌కు స్టెయిన్ నెగెటివ్, ఏటీఆర్‌ఎక్స్ ప్రొటీన్ నిలిచే ఉంది. "డిఫ్యూజ్ ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 2" అని రిపోర్టు వెళ్లింది. బ్లాకులు రివ్యూకి వేరే ఊరు వెళ్తే అక్కడి నుంచి "గ్లయోబ్లాస్టోమా, ఐడీహెచ్-వైల్డ్‌టైప్, గ్రేడ్ 4" అని వచ్చింది (వైల్డ్‌టైప్ అంటే ఆ జన్యువులో మ్యుటేషన్ లేదని). ఆధారంగా చూపించింది టెర్ట్ జన్యువు ప్రమోటర్ (దాన్ని ఆన్ చేసే భాగం)లో సీ228టీ మ్యుటేషన్. స్లైడు మీద గ్రేడ్ 4 లక్షణం ఒక్కటీ లేనప్పుడు ఒక్క మ్యుటేషన్ చూసి రెండు మెట్లు ఎక్కించడం న్యాయమేనా? ఇద్దరిలో ఎవరి మాట వినాలని సర్జన్ అడుగుతున్నారు.

పీజీ_వరంగల్
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వర్గీకరణ పుస్తకంలో దీన్నే డిఫ్యూజ్ ఆస్ట్రోసైటోమా ఐడీహెచ్-వైల్డ్‌టైప్ అనేవాళ్లు కదా? ఇప్పుడు ఆ పేరే లేదా?

నాడీకణం
ఆ పేరు పెద్దవాళ్లకు లేదు, తీసేశారు. 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదో ఎడిషన్ ప్రకారం, పెద్దవాళ్లలో పాకే తరహా ఆస్ట్రోసైటిక్ గడ్డ ఐడీహెచ్-వైల్డ్‌టైప్, హెచ్3-వైల్డ్‌టైప్ (హెచ్3 అనే హిస్టోన్ జన్యువులోనూ మ్యుటేషన్ లేదు) అని తేలాక ఈ అయిదింటిలో ఏ ఒక్కటున్నా అది గ్లయోబ్లాస్టోమాయే: నెక్రోసిస్, మైక్రోవాస్క్యులర్ ప్రొలిఫరేషన్ (సన్న రక్తనాళాలు విపరీతంగా పెరగడం), టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషన్, ఈజీఎఫ్‌ఆర్ జన్యువు యాంప్లిఫికేషన్ (కాపీలు ఎక్కువ కావడం), ఏడో క్రోమోజోమ్ మొత్తం పెరిగి పదోది మొత్తం పోవడం (దీన్నే 7/10 అంటాం). మొదటి రెండూ కంటికి కనిపించేవి, మిగతా మూడూ కనిపించనివి. వర్గీకరణకు సలహాలిచ్చే సింపాక్ట్-నౌ బృందం 2018లోనే ఈ మూడింటినీ ముందుకు తెచ్చింది. స్లైడు మీద గ్రేడ్ 2, 3లా కనిపించినా ఈ మార్పులున్న ఐడీహెచ్-వైల్డ్‌టైప్ గడ్డలు గ్లయోబ్లాస్టోమా దారిలోనే నడిచాయి కాబట్టి.

కాబట్టి రివ్యూ రాసినవాళ్లు పుస్తకం ప్రకారమే రాశారు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ కేసులో గడ్డ ఐడీహెచ్-వైల్డ్‌టైప్ అని ఎవరు తేల్చారు? ఆర్132హెచ్ స్టెయిన్ నెగెటివ్ అయినంత మాత్రాన వైల్డ్‌టైప్ కాదు. ఐడీహెచ్1, ఐడీహెచ్2 జన్యువుల సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదవడం) చేశారా?

కృష్ణాతీరం_పాథ్
రివ్యూ రిపోర్టులో టెర్ట్ సాంగర్ సీక్వెన్సింగ్ (పాత పద్ధతి) ఒక్కటే ఉంది మేడమ్. 55 ఏళ్లు దాటితే ఐడీహెచ్ సీక్వెన్సింగ్ అక్కర్లేదని రూల్ ఉంది కదా, దాన్ని పట్టుకుని వదిలేసి ఉంటారు.

నాడీకణం
ఆ రూల్‌ను సగమే గుర్తు పెట్టుకుంటారు అందరూ. వయసు 55 పైబడాలి, గడ్డ మిడ్‌లైన్‌లో ఉండకూడదు, ముందు లో-గ్రేడ్ గ్లయోమా (ఆసరా కణాల గడ్డ) చరిత్ర ఉండకూడదు, వీటన్నిటితో పాటు స్లైడు మీద అచ్చమైన గ్లయోబ్లాస్టోమా కనిపించాలి. అన్నీ కలిస్తేనే ఆర్132హెచ్ నెగెటివ్‌తో ఆగిపోవచ్చు. మీ స్లైడు మీద గ్రేడ్ 2 బొమ్మ ఉంది. ఇలాంటి కేసుకే సీక్వెన్సింగ్ తప్పనిసరి.

జన్యుపటం
మేడమ్ చెప్పినదానికి అంకెలు కలుపుతాను. గ్లయోమాల్లో కనిపించే ఐడీహెచ్ మ్యుటేషన్లలో దాదాపు 90 శాతం ఆర్132హెచ్. మిగిలినవి ఐడీహెచ్1లో ఆర్132సీ, ఆర్132జీ, ఆర్132ఎస్, ఆర్132ఎల్, ఐడీహెచ్2లో ఆర్172కే లాంటివి. మనం వాడే హెచ్09 యాంటీబాడీకి ఆర్132హెచ్ తప్ప ఇంకేదీ అంటదు. అంటే ఐడీహెచ్ మ్యూటెంట్ పేషెంట్లలో పది మందికి ఒకరు ఐహెచ్‌సీ (యాంటీబాడీ స్టెయిన్)లో నెగెటివ్‌గా జారిపోతారు.

ఇక సాంగర్ సంగతి. మ్యూటెంట్ అల్లీల్ (మారిన జన్యు కాపీ) మొత్తం డీఎన్‌ఏలో 15-20 శాతం ఉంటేనే పీక్ కనిపిస్తుంది. ఐడీహెచ్ మ్యుటేషన్ హెటెరోజైగస్ (రెండు కాపీల్లో ఒక్కదానిలోనే) కాబట్టి తీసిన ముక్కలో కనీసం 30-40 శాతం గడ్డ కణాలు ఉండాలన్నమాట. గడ్డ అంచు నుంచి తీసిన బయాప్సీలో అంత ఉండకపోవచ్చు. అప్పుడు "మ్యుటేషన్ లేదు" అని రాస్తే అది తప్పు రిపోర్టు. "గడ్డ కణాల శాతం చాలక చెప్పలేము" అని రాయాలి.

ఇంకొకటి. ఎన్‌జీఎస్ (ఒకేసారి చాలా జన్యువులు చదివే) ప్యానెల్ చేయించే ముందు అందులో టెర్ట్ ప్రమోటర్ ఉందో లేదో ల్యాబ్‌ను అడగండి. చాలా ప్యానెళ్లు ఎక్సాన్ల (ప్రొటీన్ రాసే జన్యు భాగాల) కోసం కట్టినవి, ప్రమోటర్‌ను తాకవు. పైగా ఆ ప్రాంతంలో జీ, సీ అక్షరాలు ఎక్కువ కాబట్టి డీఎన్‌ఏ కాపీలు పెంచే పీసీఆర్ మొండికేస్తుంది. "టెర్ట్: మ్యుటేషన్ లేదు" అన్న వాక్యం వెనక "టెర్ట్ ప్రమోటర్‌ను చదవనేలేదు" అన్న నిజం దాగి ఉండొచ్చు.

ఫ్లెయిర్
ఎమ్మారై సంగతి ఎవరూ అడగలేదు. కాంట్రాస్ట్ ఇచ్చాక ఎలా ఉంది?

కృష్ణాతీరం_పాథ్
వెనక భాగంలో మచ్చలు మచ్చలుగా ఎన్‌హాన్స్‌మెంట్ (కాంట్రాస్ట్ పట్టి తెల్లబడటం) ఉందని రిపోర్టులో ఉంది. బయాప్సీ ముందు భాగం నుంచి తీశారు, అటు నుంచి దారి సులువని.

ఫ్లెయిర్
అయితే సగం చిక్కు అక్కడే విడిపోయింది. ఎన్‌హాన్స్ అయ్యే చోటు వదిలేసి అంచున తీస్తే గ్రేడ్ 2 బొమ్మే వస్తుంది. అన్నం సంగతి ఒక్క మెతుకు చెబుతుందేమో గానీ గడ్డ సంగతి ఒక్క కోర్ (సూదితో తీసిన ముక్క) చెప్పదు. పాథాలజీ రిక్విజిషన్ మీద "ఎన్‌హాన్స్ అయిన చోటు నుంచి" లేదా "కాని చోటు నుంచి" అని ఒక్క ముక్క రాయించండి. చదివేవాళ్లకు అది చాలా చెబుతుంది.

ఎమ్మారైలో టీ2 రకం ఫిల్ములో గడ్డ అంతా ఒకే తీరున తెల్లగా ఉండి, ఫ్లెయిర్ అనే ఇంకో రకం ఫిల్ములో అంచు తప్ప లోపలంతా నల్లబడితే దాన్ని టీ2-ఫ్లెయిర్ మిస్‌మ్యాచ్ అంటాం. కనిపించిందంటే ఐడీహెచ్ మ్యూటెంట్, 1పి/19క్యూ (ఒకటో, పంతొమ్మిదో క్రోమోజోమ్‌ల చేతులు) నిలిచి ఉన్న ఆస్ట్రోసైటోమా అని చాలావరకు నమ్మొచ్చు. కనిపించలేదంటే మాత్రం ఏమీ చెప్పలేం, ఆ గడ్డల్లో చాలావాటిలో ఇది కనిపించదు. ఈ పేషెంట్‌లో మిస్‌మ్యాచ్ ఉందేమో ఫిల్ములు మళ్లీ చూడమనండి. ఉంటే ఆర్132హెచ్ కాని ఐడీహెచ్ మ్యుటేషన్ కోసం గట్టిగా వెతకాలి.

బర్‌హోల్
ఫ్లెయిర్ గారితో ఏకీభవిస్తాను, కానీ ముందు భాగం నుంచి తీయడాన్ని తప్పు పట్టకండి. వెనక భాగంలో సిల్వియన్ నాళాలు అడ్డుంటే ఎవరమైనా ఆ దారే పడతాం. ఒకే ట్రాజెక్టరీలో లోతు మారుస్తూ మూడు నాలుగు కోర్లు తీసి, ఏ లోతుది ఏదో వేరు వేరు డబ్బాల్లో పంపితే బాగుంటుంది. స్క్వాష్ స్మియర్ (ముక్కను నలిపి వెంటనే చూసే స్లైడు)లో గడ్డ కణాలు ఉన్నాయని పాథాలజిస్టు చెప్పాకే సూది బయటికి తీయాలి. ఓపెన్ సర్జరీ అయితే కూసా ఆస్పిరేటర్ (గడ్డను పీల్చే పరికరం) సీసాలోకి పోయిందాన్ని పారేయకండి, వడగట్టి ఫార్మలిన్‌లో వేస్తే మాలిక్యులర్ పరీక్షలకు అదీ పనికొస్తుంది.

లీనాక్
సర్జన్ గారి ప్రశ్నకు జవాబు నాకూ కావాలి, మందు రాయాల్సింది మేం కాబట్టి. గ్లయోబ్లాస్టోమా అయితే 30 ఫ్రాక్షన్లలో 60 గ్రే, దాంతో పాటు రోజూ టెమొజోలమైడ్ అనే కీమో మందు చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు, తర్వాత 28 రోజులకు అయిదు రోజుల చొప్పున 150 నుంచి 200 మిల్లీగ్రాములతో ఆరు సైకిళ్లు. ఐడీహెచ్ మ్యూటెంట్ గ్రేడ్ 2 అయితే 50.4 నుంచి 54 గ్రే, తర్వాత కీమో, ఇంకా మాట్లాడితే కొందరికి ఇప్పుడే రేడియేషన్ లేకుండా ఆగడం కూడా సరైన వైద్యమే. ఇంటివాళ్లతో ఆయుర్దాయం గురించి మాట్లాడే మాటే మారిపోతుంది.

అందుకే నా అనుమానం చెబుతున్నా. టెర్ట్ ఒక్కటే ఉండి, ఈజీఎఫ్‌ఆర్ లేక, 7/10 లేక, స్లైడు మీద నిజంగానే గ్రేడ్ 2గా ఉన్న గడ్డలు మిగతా గ్లయోబ్లాస్టోమాల కన్నా నిదానంగా నడిచాయని చూపిన సిరీస్‌లు ఉన్నాయి. ఒక్క టెర్ట్‌తో గ్రేడ్ 4 ముద్ర వేయడం నాకు ఇంకా మింగుడు పడదు.

నాడీకణం
లీనాక్ గారూ, ఆ అనుమానం సబబే. మూడింటిలో ఒక్కటి చాలని పుస్తకం అంటోంది కాబట్టి రిపోర్టు మీద గ్లయోబ్లాస్టోమా అనే రాయాలి. కానీ టెర్ట్ ఒక్కటే దొరికినప్పుడు నేను మూడు ప్రశ్నలు వేయకుండా సంతకం పెట్టొద్దంటాను. ఇది నిజంగా పాకే ఆస్ట్రోసైటిక్ గడ్డేనా, లేక టెర్ట్ మ్యుటేషన్ ఉండగల ప్లియోమార్ఫిక్ గ్జాంథోఆస్ట్రోసైటోమా లాంటిదా? టెంపోరల్ లోబ్ దానికి ఇష్టమైన చోటు. బీరాఫ్ జన్యువులో వీ600ఈ మ్యుటేషన్ చూశారా? సీడీకేఎన్2ఏ/బీ జన్యువులు పోయాయేమో చూశారా? రెండోది, ఐడీహెచ్ సీక్వెన్స్ అయిందా? ఒలిగోడెండ్రోగ్లయోమా (ఇంకో రకం గ్లయోమా, క్లుప్తంగా ఒలిగో)లన్నిటిలోనూ దాదాపుగా టెర్ట్ మ్యుటేషన్ ఉంటుంది. ఐడీహెచ్2 ఆర్172కే ఉన్న ఒలిగో ఆర్132హెచ్ స్టెయిన్‌లో నెగెటివ్‌గా, ఏటీఆర్‌ఎక్స్ నిలిచి, టెర్ట్ పాజిటివ్‌గా వస్తుంది. కృష్ణాతీరం గారి కేసు రంగులు అచ్చంగా ఇవే! గ్రేడ్ 4 అన్న చోట గ్రేడ్ 2 ఒలిగో తేలే అవకాశం ఇంకా తెరిచే ఉంది. మూడోది, ఈజీఎఫ్‌ఆర్, 7/10 కూడా చేయించారా?

కృష్ణాతీరం_పాథ్
ఈ కోణం నాకు తట్టలేదు మేడమ్. బ్లాకులో ముక్క ఇంకా మిగిలి ఉంది. ఐడీహెచ్1/2 సీక్వెన్సింగ్, 1పి/19క్యూ, ఈజీఎఫ్‌ఆర్ అడుగుతాను. గడ్డ కణాల శాతం 30 లోపే అనిపిస్తోంది, సాంగర్ వద్దు కదా?

జన్యుపటం
వద్దు. ఎన్‌జీఎస్‌కు పంపండి, 10-20 శాతం గడ్డ కణాలున్నా నడుస్తుంది. హెచ్ అండ్ ఈ స్లైడు మీద కణాలు దట్టంగా ఉన్న చోటు మార్కర్‌తో గీసి పంపితే ఆ భాగమే గీకి డీఎన్‌ఏ తీస్తారు. ఆ ఒక్క గీతతో శాతం రెట్టింపు చేయొచ్చు. రిపోర్టు వచ్చాక మ్యుటేషన్ పక్కన అల్లీల్ శాతం రాశారో లేదో చూడండి. పాత ఫార్మలిన్ బ్లాకుల్లో సైటోసిన్‌లు చెడిపోయి సీ స్థానంలో టీ ఉన్నట్టు దొంగ మార్పులు వస్తాయి. టెర్ట్‌లో మనం వెతికే సీ228టీ, సీ250టీ రెండూ అదే తరహా మార్పులు. 5 శాతం లోపు అల్లీల్ చూపించి పాజిటివ్ అంటే వేరే సెక్షన్ నుంచి, యూడీజీ (చెడిన అక్షరాలను తీసేసే) ఎంజైమ్ వేసి మళ్లీ చేయమనండి.

పీజీ_వరంగల్
అన్ని గ్లయోమాలకూ 1పి/19క్యూ ఫిష్ (వెలిగే ప్రోబ్‌లతో క్రోమోజోమ్ పరీక్ష) చేయాలా? మా దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

నాడీకణం
చేయక్కర్లేదు, వరస పాటిస్తే చాలా డబ్బు, ముక్క మిగులుతాయి. ముందు ఆర్132హెచ్, ఏటీఆర్‌ఎక్స్, పీ53 స్టెయిన్లు ఒకేసారి పెట్టండి. ఐడీహెచ్ పాజిటివ్, ఏటీఆర్‌ఎక్స్ పోయింది అంటే ఆస్ట్రోసైటోమా, ఫిష్ అక్కర్లేదు. ఏటీఆర్‌ఎక్స్ పోవడమూ 1పి/19క్యూ పోవడమూ ఒకే గడ్డలో కలిసి ఉండటం అత్యంత అరుదు. ఐడీహెచ్ పాజిటివ్, ఏటీఆర్‌ఎక్స్ నిలిచి ఉంది అంటే 1పి/19క్యూ చేసి తీరాలి. ఐడీహెచ్ సీక్వెన్సింగ్‌లో కూడా నెగెటివ్ అయితే 1పి/19క్యూ చేయకండి. చేస్తే ఏం జరుగుతుందో జన్యుపటం గారు చెబుతారు.

జన్యుపటం
చేస్తే తప్పుడు పాజిటివ్ వస్తుంది. ఒలిగోలో 1పి చెయ్యి, 19క్యూ చెయ్యి మొత్తంగా పోతాయి. ఫిష్ ప్రోబ్‌లు చూసేది 1పి36, 19క్యూ13 అన్న చిన్న ముక్కల్ని. గ్లయోబ్లాస్టోమాల్లో ఆ చిన్న ముక్కలు మాత్రమే పోయినా ఫిష్‌కు చెయ్యి అంతా పోయినట్టే కనిపిస్తుంది. ఐడీహెచ్ మ్యుటేషన్ లేకుండా కోడిలీషన్ (1పి, 19క్యూ రెండూ పోవడం) వస్తే ఒలిగో అని రాయకూడదు. ఏటీఆర్‌ఎక్స్ పోయి పీ53 ముదురుగా వెలిగిన గడ్డలో కోడిలీషన్ వచ్చినా అంతే, ఫిష్‌నే అనుమానించండి. ఇంకా, 4 మైక్రాన్ల సెక్షన్‌లో న్యూక్లియస్ తెగిపోయి సిగ్నల్ పోతుంది, దాన్ని డిలీషన్‌గా లెక్కేస్తారు. అందుకే 100కు తక్కువ కాకుండా, ఒకదాని మీద ఒకటి పడని న్యూక్లియస్‌లు లెక్కించాలి, కటాఫ్ ప్రతి ల్యాబ్ తన సొంత నార్మల్ ముక్కల మీద కట్టుకోవాలి.

పీజీ_వరంగల్
ఏటీఆర్‌ఎక్స్ చదవడంలోనే తడబడుతున్నాం. అంతా తెల్లగా వస్తే పోయిందనా?

నాడీకణం
గడ్డ కణాల పక్కనే రక్తనాళాల ఎండోథీలియల్ కణాలు, న్యూరాన్లు ఉంటాయి. అవి గోధుమ రంగులో ఉండి గడ్డ కణాలు తెల్లగా ఉంటేనే పోయినట్టు. అవి కూడా తెల్లగా ఉంటే స్టెయిన్ పని చేయలేదు, మళ్లీ పెట్టాలి. నెక్రోసిస్ పక్కన, కాటరీ కాలిన అంచున చదవకండి, అక్కడ అన్నీ తెల్లబడతాయి. ఆర్132హెచ్‌కు ఇంకో జాగ్రత్త: సైటోప్లాజం ముదురుగా రంగు పట్టాలి. న్యూరోపిల్ (కణాల మధ్య జాలం) అంతా లేతగా పసుపెక్కితే అది బ్యాక్‌గ్రౌండ్. అయితే చెదురుగా ఉన్న నాలుగు కణాలే ముదురుగా పట్టినా పాజిటివే, గ్లయోసిస్‌కూ (గడ్డ కాని మెదడు మచ్చ) గ్లయోమాకూ తేడా తేల్చడంలో దాన్ని మించింది లేదు.

మైక్రోటోమ్
టెక్నీషియన్ వైపు నుంచి. పరీక్ష ఫెయిలైతే అందరూ కిట్‌ను తిడతారు, చాలాసార్లు తేడా థియేటర్‌లోనే వస్తుంది. ముక్కను సెలైన్ డబ్బాలో వేసి రాత్రంతా ఉంచితే కణాలు కుళ్లిపోతాయి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ముక్క సైజుకు కనీసం పదింతలు. బఫర్ లేని ఫార్మలిన్ నిల్వ ఉంటే ఫార్మిక్ యాసిడ్ పుట్టి డీఎన్‌ఏ ముక్కలు ముక్కలవుతుంది. ఆరు గంటలకు తక్కువ వద్దు, 72 గంటలు దాటనివ్వొద్దు. ఆదివారాలు, పండగ సెలవులు చూసుకుని శనివారం వచ్చిన బయాప్సీని ఆ రోజే ప్రాసెసింగ్‌లో పెట్టండి.

పుర్రె ఎముకతో కలిసి వస్తే మెత్తటి ముక్క విడిగా వేరే క్యాసెట్‌లో వేయండి. యాసిడ్ డీకాల్ (ఎముకలో కాల్షియం కరిగించడం)లో పడిన ముక్కలో డీఎన్‌ఏ మిగలదు. డీకాల్ తప్పదంటే ఈడీటీఏ వాడాలి, టైం ఎక్కువైనా సరే.

అన్నిటికన్నా ముఖ్యం, చిన్న కోర్ బ్లాకును ఒకసారి ట్రిమ్ చేసి, ఒకే ఊపులో 15-20 సీరియల్ సెక్షన్లు కోసి పెట్టుకోవడం. హెచ్ అండ్ ఈ ఒక రోజు, ఐహెచ్‌సీ మూడు రోజులకు, ఫిష్ వారానికి అని మాటిమాటికీ బ్లాకు ఎక్కిస్తే ప్రతిసారీ ఫేసింగ్‌లోనే ముక్క పోతుంది. పేషెంట్ మారినప్పుడల్లా బ్లేడు మార్చండి, పక్కవాడి డీఎన్‌ఏ అంటుకుంటే ఎవరూ కనిపెట్టలేరు.

బర్‌హోల్
మైక్రోటోమ్ గారి పోస్టు ప్రింటు తీసి మా థియేటర్ తలుపుకు అంటిస్తాను. ఫ్రోజెన్‌కు (చల్లబరిచి వెంటనే చూసే పరీక్షకు) మొత్తం ముక్క ఇచ్చేయడం కూడా మాలో చాలామంది చేసే పని. అలా ఇవ్వకూడదు కదా?

మైక్రోటోమ్
ఇవ్వకూడదు సార్. ఫ్రీజింగ్‌లో ఐస్ స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి, తర్వాత మార్ఫాలజీ చదవలేరు. స్క్వాష్‌కు బియ్యపు గింజలో సగం చాలు, మిగతాది ఫార్మలిన్‌కు. వీలుంటే గింజంత ముక్క మైనస్ 80లో దాచితే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలకు వరం.

జీపీ_నల్గొండ
ఇవన్నీ చదువుతుంటే ఒక అనుమానం. రిపోర్టుల్లో చివర ఎన్‌వోఎస్ అని, ఎన్‌ఈసీ అని వస్తున్నాయి. రెండూ "ఏమీ తేల్చలేదు" అనేనా? ఇంటివాళ్లు ఊళ్లో నా దగ్గరికే తెచ్చి అడుగుతారు.

నాడీకణం
రెండూ వేరు. ఎన్‌వోఎస్ అంటే కావాల్సిన పరీక్ష చేయలేదు, లేదా చేస్తే ఫెయిలైంది. ఎన్‌ఈసీ అంటే పరీక్షలన్నీ సరిగ్గానే జరిగాయి, వచ్చిన ఫలితాలు పుస్తకంలో ఉన్న ఏ పేరుకూ అతకలేదు. ఇంటివాళ్లకు ఎన్‌వోఎస్ చూపిస్తే "ఇంకో పరీక్ష మిగిలి ఉంది, బ్లాకు తీసుకుని పెద్ద ఆస్పత్రికి వెళ్లండి" అని చెప్పండి. బ్లాకు పేషెంట్‌కు దక్కాల్సిందే, అడిగి తీసుకోమనండి. ఎన్‌ఈసీకి మాత్రం మళ్లీ అదే పరీక్ష చేయిస్తే ఉపయోగం లేదు, న్యూరోపాథాలజీ రివ్యూ, కుదిరితే మిథైలేషన్ (డీఎన్‌ఏ మీది రసాయన గుర్తుల) పరీక్ష.

లీనాక్
రిపోర్టులో పొరలు పొరలుగా రాయడం మొదలుపెడితే ఈ గందరగోళం సగం పోతుంది. పైన తుది పేరు, కింద సూక్ష్మదర్శినిలో కనిపించింది, దాని కింద గ్రేడ్, ఆ కింద ఏ పరీక్ష ఏ పద్ధతిలో చేశారో. "ఐడీహెచ్ నెగెటివ్" అని రాస్తే నాకు పనికిరాదు, "ఆర్132హెచ్ ఐహెచ్‌సీ నెగెటివ్, సీక్వెన్సింగ్ చేయలేదు" అని రాయండి. ఇప్పుడు ఇది చాదస్తం కూడా కాదు. ఇండిగో ట్రయల్ తర్వాత ఐడీహెచ్ మ్యూటెంట్ గ్రేడ్ 2 గ్లయోమాలకు వొరాసిడెనిబ్ అనే మందును అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఆగస్టులో ఆమోదించింది. ఆ ట్రయల్‌లో గడ్డ పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 27.7 నెలలు, ప్లసీబోలో 11.1. ఆర్132సీ ఉన్న పేషెంట్‌ను ఐహెచ్‌సీతో వైల్డ్‌టైప్ అని పంపేస్తే ఆ మందు దారి మూసుకుపోతుంది.

పీజీ_వరంగల్
ఐడీహెచ్ మ్యూటెంట్ గ్లయోబ్లాస్టోమా అని సీనియర్లు ఇంకా అంటున్నారు. ఆ పేరు ఉందా?

నాడీకణం
2021లో పోయింది. అది ఇప్పుడు ఆస్ట్రోసైటోమా, ఐడీహెచ్-మ్యూటెంట్, గ్రేడ్ 4. గ్రేడ్లు కూడా రోమన్ అంకెల్లో కాదు, మామూలు అంకెల్లో రాయాలి. II, III పక్కపక్కనే ఉంటే ఒక గీత తేడాతో పేషెంట్ తారుమారవుతాడు. ఇక్కడా కంటికి కనిపించని గ్రేడ్ 4 ఉంది: ఐడీహెచ్ మ్యూటెంట్ ఆస్ట్రోసైటోమాలో సీడీకేఎన్2ఏ/బీ రెండు కాపీలూ పోతే నెక్రోసిస్ లేకపోయినా గ్రేడ్ 4. ఫిష్ లేని చోట ఎమ్‌టాప్ ఐహెచ్‌సీ పెట్టండి. ఆ జన్యువు 9పి21లో పక్కనే ఉంటుంది, గడ్డ కణాల్లో ఎమ్‌టాప్ పోయి ఎండోథీలియల్ కణాల్లో నిలిస్తే డిలీషన్ ఉన్నట్టే అనుకోవచ్చు. ఎమ్‌టాప్‌ను వదిలేసి సీడీకేఎన్2ఏ ఒక్కటే పోయిన గడ్డలు కొన్ని తప్పించుకుంటాయి. పీ16 స్టెయిన్‌ను మాత్రం నమ్మకండి.

జన్యుపటం
ఇన్ని మెట్లు ఎక్కే బదులు ప్రతి గ్లయోమాకూ మొదటే ఒక ఎన్‌జీఎస్ ప్యానెల్ చేస్తే అయిపోదా? ఐడీహెచ్, టెర్ట్, ఈజీఎఫ్‌ఆర్, సీడీకేఎన్2ఏ, 1పి/19క్యూ, బీరాఫ్, హెచ్3 అన్నీ ఒకే ముక్కలో వస్తాయి. అయిదు విడి పరీక్షల్లో అయిపోయే బ్లాకు కన్నా ఇది నయం కదా!

నాడీకణం
ఒప్పుకోను. ఇండియన్ సొసైటీ ఆఫ్ న్యూరో-ఆంకాలజీ మన పరిస్థితులకు రాసిన మార్గదర్శకాలు ఐహెచ్‌సీతో మొదలుపెట్టి అంచెలంచెలుగా వెళ్లమనడానికి కారణం ఉంది. ఆర్132హెచ్, ఏటీఆర్‌ఎక్స్ రెండు స్లైడ్లతో రెండు రోజుల్లో చాలా కేసులు తేలిపోతాయి, జిల్లా కేంద్రంలో కూడా. ప్యానెల్ రిపోర్టు కోసం వారాలు ఆగుతుంటే లీనాక్ గారి రేడియేషన్ ఆగుతుంది. చిన్న కోర్, 55 లోపు వయసు, స్లైడుకూ ఎమ్మారైకీ పొంతన లేకపోవడం, ఇలాంటప్పుడు మాత్రం మీ మాటే సరి, నేరుగా ప్యానెల్.

జన్యుపటం
మిడ్‌లైన్ గడ్డలు కూడా ఆ జాబితాలో చేర్చండి మేడమ్.

నాడీకణం
థాలమస్, పాన్స్, వెన్నుపాము అయితే అసలు మొదటి స్టెయినే హెచ్3 కే27ఎం (హెచ్3లో ఒక మ్యుటేషన్). పాజిటివ్ వచ్చి గడ్డ పాకే తరహాదైతే స్లైడు ఎంత సౌమ్యంగా ఉన్నా గ్రేడ్ 4. దాంతో పాటు హెచ్3కే27మి3 (హిస్టోన్ మీది మిథైల్ గుర్తు) పోవాలి. మి3 పోవడం ఒక్కటే చూసి రాయకండి, పిల్లల పోస్టీరియర్ ఫోసా-ఏ ఎపెండిమోమాలో కూడా పోతుంది.

పిల్లల_వార్డు
పిల్లల మాట వచ్చింది కాబట్టి చెబుతాను, టెర్ట్-ఈజీఎఫ్‌ఆర్-7/10 రూల్ పెద్దవాళ్లది. పదేళ్ల పిల్లకు అది అంటించి గ్లయోబ్లాస్టోమా అని రాయకండి. పిల్లల లో-గ్రేడ్ గ్లయోమాల్లో మొదట చూడాల్సింది బీరాఫ్: వీ600ఈ మ్యుటేషన్, కేఐఏఏ1549-బీరాఫ్ ఫ్యూజన్ (రెండు జన్యువులు అతుక్కోవడం). సెరిబెల్లమ్‌లో పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అయితే ఎక్కువగా ఫ్యూజనే. డీఎన్‌ఏ ప్యానెల్ ఫ్యూజన్లను వదిలేయొచ్చు, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అడగండి. వీ600ఈ ఉన్న లో-గ్రేడ్ గ్లయోమాకు డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటను ఎఫ్‌డీఏ 2023లో పిల్లలకు ఆమోదించింది. ఫ్యూజన్ ఉన్న గడ్డకు డబ్రాఫెనిబ్ ఒక్కటే ఇస్తే గడ్డ ఇంకా రెచ్చిపోగలదు. అందుకే ఏ రకం బీరాఫ్ మార్పో తేలకుండా మందు మొదలుపెట్టొద్దు.

మెడులోబ్లాస్టోమా (సెరిబెల్లమ్‌లో వచ్చే పిల్లల గడ్డ) అయితే డబ్ల్యూఎన్‌టీ రకమా, ఎస్‌హెచ్‌హెచ్‌ఆ, ఆ రెండూ కానిదా తేల్చడానికి బీటా-కాటెనిన్, గ్యాబ్1, యాప్1 స్టెయిన్లు చాలావరకు సరిపోతాయి. బీటా-కాటెనిన్ న్యూక్లియస్‌లో ఉందా చూడాలి, సైటోప్లాజంలో ఉంటే లెక్కలోకి రాదు. ఎస్‌హెచ్‌హెచ్ అని తేలితే టీపీ53 తప్పకుండా చూసి, మ్యుటేషన్ ఉంటే రక్తంలో కూడా చేయించాలి, లి-ఫ్రామెని (వంశపారంపర్యంగా క్యాన్సర్లు వచ్చే) కుటుంబం కావొచ్చు.

మన రాష్ట్రాల్లో ఇంకొకటి మరిచిపోతున్నాం. మేనరికాలు ఎక్కువ కాబట్టి సీఎమ్‌ఎమ్‌ఆర్‌డీ అనే జబ్బు ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందే. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన మిస్‌మ్యాచ్ రిపేర్ జన్యువు వస్తుంది. పిల్లల్లో హై-గ్రేడ్ గ్లయోమా, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పేగు క్యాన్సర్ ఉంటే పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్6, ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 నాలుగూ పెట్టించండి.

పీజీ_వరంగల్
అందులో ఇంటర్నల్ కంట్రోల్ (అదే ముక్కలోని మామూలు కణాలు) కూడా తెల్లగా వస్తే స్టెయిన్ ఫెయిలైనట్టే కదా, ఏటీఆర్‌ఎక్స్‌కు చెప్పినట్టు?

పిల్లల_వార్డు
ఇక్కడే బోల్తా పడతారు. ఈ జబ్బులో ఒంట్లోని ప్రతి కణంలో ఆ ప్రొటీన్ ఉండదు. రక్తనాళాలు, లింఫోసైట్లు కూడా తెల్లగానే వస్తాయి, టెక్నీషియన్ స్టెయిన్ చెడిందని మళ్లీ మళ్లీ పెడతాడు. అందుకే అదే స్లైడు మీద వేరే మనిషి అపెండిక్స్ ముక్క కంట్రోల్‌గా అతికించండి. అది వెలిగి పేషెంట్ ముక్క అంతా తెల్లగా ఉంటే జవాబు దొరికినట్టే. ఈ పిల్లల గడ్డలకు టెమొజోలమైడ్ సరిగా పని చేయదు, నివొలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీకి స్పందించిన పిల్లలున్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి.

మైక్రోటోమ్
అపెండిక్స్ కంట్రోల్ రేపటి నుంచే పెడతాం మేడమ్.

ఫ్లెయిర్
మిథైలేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. దాంతో అన్నీ తేలిపోతాయని వింటున్నాం.

జన్యుపటం
చాలా తేలుతుంది, అన్నీ కాదు. హైడెల్‌బర్గ్ బృందం 2018లో 82 గడ్డ రకాల మిథైలేషన్ ముద్రలతో క్లాసిఫయర్ (గడ్డ పేరు చెప్పే ప్రోగ్రాం) కట్టింది. వాళ్లు కొత్తగా వచ్చిన 1,104 కేసుల మీద ప్రయత్నిస్తే దాదాపు 12 శాతంలో పేరు మారింది. స్కోరు 0.9 లేదా ఆ పైన వస్తే నమ్మొచ్చు. అంతకన్నా తగ్గితే మొదట చూడాల్సింది గడ్డ కణాల శాతం. 50-60 శాతం లోపుంటే క్లాసిఫయర్‌కు మామూలు మెదడు కణాలే ఎక్కువ వినిపిస్తాయి. "కంట్రోల్ టిష్యూ" అని వస్తే గడ్డ లేదని కాదు. ఫార్మలిన్ బ్లాకు నుంచి 250 నానోగ్రాముల డీఎన్‌ఏ అయితే నిశ్చింత. అదే డేటా నుంచి క్రోమోజోమ్ ప్లాట్ కూడా వస్తుంది, 7/10, 1పి/19క్యూ, సీడీకేఎన్2ఏ అన్నీ కంటితో చూడొచ్చు. స్కోరు రాకపోయినా ఆ ప్లాట్ అడిగి తీసుకోండి.

నెదర్లాండ్స్ బృందం 2023లో నానోపోర్ సీక్వెన్సింగ్‌తో ఆపరేషన్ జరుగుతుండగానే 90 నిమిషాల్లోపు గడ్డ రకం తేల్చి చూపించింది, 25 కేసుల్లో 18 సరిగ్గా తేలాయి.

బర్‌హోల్
90 నిమిషాలంటే నేను ఇంకా డ్యూరా (మెదడు పైపొర) మూయకముందే! మెడులోబ్లాస్టోమానా, ఎపెండిమోమానా అని అప్పటికే తెలిస్తే చివరి ముక్క కోసం బ్రెయిన్‌స్టెమ్ దాకా వెళ్లాలా వద్దా అన్నది మారుతుంది.

లీనాక్
ఎమ్‌జీఎమ్‌టీ (డీఎన్‌ఏను రిపేరు చేసే జన్యువు) మిథైలేషన్ గురించి ఒక్క మాట, దాన్ని కూడా వర్గీకరణలో కలిపేస్తున్నారు. అది గడ్డ పేరు మార్చదు, టెమొజోలమైడ్ ఎంత పనిచేస్తుందో చెబుతుంది. ముఖ్యంగా 65-70 దాటి రేడియేషనా, టెమొజోలమైడా ఒక్కటే ఎంచుకోవాల్సినప్పుడు. పైరోసీక్వెన్సింగ్ లేదా మిథైలేషన్ పీసీఆర్ చేయించండి. ఎమ్‌జీఎమ్‌టీ ఐహెచ్‌సీ చేసి పంపితే నేను వాడను. ఫలితం కటాఫ్ పక్కనే వస్తే పాజిటివ్, నెగెటివ్ అని ఒక్క మాట రాసి పంపకండి, శాతం రాయండి.

కృష్ణాతీరం_పాథ్
సర్జన్‌కు ఇలా రాస్తున్నా, తప్పుంటే దిద్దండి: "డిఫ్యూజ్ గ్లయోమా, టెర్ట్ ప్రమోటర్ మ్యూటెంట్, ఐడీహెచ్ స్థితి సీక్వెన్సింగ్‌తో తేలాల్సి ఉంది, ఎన్‌వోఎస్. ఆర్132హెచ్ ఐహెచ్‌సీ నెగెటివ్. బయాప్సీ ఎన్‌హాన్స్ కాని భాగం నుంచి. తుది రిపోర్టు వచ్చే వరకు చికిత్స రకం ఖరారు చేయవద్దు."

నాడీకణం
"గ్రేడ్ ఇప్పుడు ఇవ్వలేము" అని కూడా చేర్చండి, లేకపోతే ఫోన్ చేసి మరీ అడుగుతారు. బీరాఫ్ వీ600ఈ ఐహెచ్‌సీ ఈలోపే పెట్టేయండి, వీఈ1 యాంటీబాడీ, ఒక్క స్లైడు ఖర్చు.

మైక్రోటోమ్
పంపేటప్పుడు ఫిష్ కోసం కోటెడ్ స్లైడ్ల మీద 4 మైక్రాన్లవి నాలుగు, డీఎన్‌ఏ కోసం మామూలు స్లైడ్ల మీద 10 మైక్రాన్లవి పది, గుర్తు గీసిన హెచ్ అండ్ ఈ ఒకటి. వాటిని ఓవెన్‌లో బేక్ చేయకుండా పంపండి. బ్లాకు మొత్తం కొరియర్‌లో పెట్టకండి.